మూత్రంలో ప్రోటీన్ బోలెడు పోతోంది, స్లైడ్‌లో గ్లోమెరులస్ (కిడ్నీలో రక్తం వడపోసే నాళాల గుత్తి) మాత్రం నార్మల్‌గా ఉంది, ఎక్కడ తేడా కొట్టింది?

కొత్తస్కాలర్:
ఎలుకల్లో నెఫ్రోటాక్సిక్ సీరం మోడల్ (యాంటీబాడీలతో కిడ్నీ జబ్బు తెప్పించేది) చేస్తున్నానండి, గొర్రెలో తయారైన యాంటీ-జీబీఎం సీరం (గ్లోమెరులస్ వడపోత పొరకి అతుక్కునే యాంటీబాడీలున్నది) తోక సిరలోకి ఒక్క డోస్ ఇచ్చి మూడో రోజు కిడ్నీలు తీశా. మూత్రంలో ప్రోటీన్ కంట్రోల్ ఎలుకలకన్నా ఎన్నో రెట్లు ఉంది, తీరా 5 మైక్రాన్ల సెక్షన్ కోసి హెచ్ అండ్ ఈ రంగు వేసి చూస్తే గ్లోమెరులస్ మామూలుగానే ఉంది, క్రెసెంట్ (గ్లోమెరులస్ చుట్టూ నెలవంకలా పేరుకునే కణాల గుంపు) ఒక్కటీ లేదు. సీరం పనిచేయలేదేమో అంటున్నారు గైడ్. మరి ప్రోటీన్ ఎందుకు పోతున్నట్టు?

పాతమైక్రోటోమ్:
సీరం పనిచేసే ఉంటుంది, మీకు కనబడట్లేదంతే. లైట్ మైక్రోస్కోప్‌కి సుమారు 200 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్నవి విడిగా కనిపించవు, పోడోసైట్ (గ్లోమెరులస్ నాళాలకి బయటివైపు అంటుకునుండే కణం) పాదాల మధ్య సందు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఆ పాదాలు చదునై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే ప్రోటీన్ కారిపోతుంది, అది చూడాలంటే మామూలుగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ (ఈఎం) కావాలి. అన్నట్టు 5 మైక్రాన్లు కిడ్నీకి చాలా మందం, 2 లేదా 3 కోసి పీఏఎస్, సిల్వర్ రంగులు వేయండి.

రాత్రిల్యాబ్:
టైమ్ కూడా చూసుకోండి. గొర్రె యాంటీబాడీ అతుక్కోగానే గంటల్లోనే న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) వచ్చేస్తాయి, మూడో రోజుకి ఆ గుంపు చాలావరకు తగ్గిపోతుంది. ఆ తర్వాత వారం పది రోజులకి ఎలుక తనే గొర్రె ఐజీజీ (యాంటీబాడీల్లో ఒక రకం) మీద యాంటీబాడీ తయారుచేసుకుంటుంది, రెండో దెబ్బ అది, మాక్రోఫేజ్ కణాలూ క్రెసెంట్లూ ఎక్కువగా అప్పుడే. మీరు సరిగ్గా రెండింటి మధ్య సందులో కోశారు. 1930ల్లో మసుగి చేసిన మోడలే ఇది, అందుకే మసుగి నెఫ్రైటిస్ అని కూడా అంటారు. ఫ్రోజెన్ ముక్క ఉంటే గొర్రె ఐజీజీకి, ఎలుక ఐజీజీకి, సీ3కి (కాంప్లిమెంట్ ప్రోటీన్) విడివిడిగా ఫ్లోరెసెన్స్ (వెలిగే రంగు తగిలించిన యాంటీబాడీతో చూడడం) చేయండి. గొర్రెది గీత గీసినట్టు లీనియర్‌గా వెలిగితే సీరం గురించి వాదనే ఉండదు, హేమన్ మోడల్‌లోలా (పోడోసైట్ మీదికి యాంటీబాడీ వెళ్లే మరో ఎలుక మోడల్) చుక్కలు చుక్కలుగా ఉంటే మాత్రం కథ వేరు.

కొత్తస్కాలర్:
ఫ్రోజెన్ దాచలేదు 😔 ఫార్మలిన్ పారాఫిన్ బ్లాకులే ఉన్నాయి.

పాతమైక్రోటోమ్:
బ్లాక్‌లోంచి ఓ చిన్న ముక్క తీసి పారాఫిన్ పోగొట్టి ఈఎంకి ప్రాసెస్ చేయొచ్చు, మెంబ్రేన్లు అంత బాగా రావు గానీ డిపాజిట్లు (పేరుకున్న యాంటీబాడీ ముద్దలు) ఉంటే తెలుస్తాయి.

రాత్రిల్యాబ్:
చేయొచ్చు, కానీ పాదాలు చదునయ్యాయని మాత్రం ఆ ముక్క చూసి రాసేయకండి, ఫిక్సేషన్ (ముక్క పాడవకుండా రసాయనంతో నిలపడం) బాలేకపోయినా అలాంటి అయోమయమే వస్తుంది. పైగా ప్యూరోమైసిన్ అమైనోన్యూక్లియోసైడ్ (పోడోసైట్లకి విషమయ్యే మందు) ఇచ్చిన ఎలుకలోనూ పాదాలు అలాగే పోతాయి, అక్కడ యాంటీబాడీయే లేదు, కాబట్టి ఈఎం ఒక్కటే పట్టుకుని ఇమ్యూన్ డ్యామేజ్ అంటే రివ్యూయర్ ఊరుకోడు. ఈసారి ఎలుకని తెరిచిన వెంటనే కిడ్నీ కార్టెక్స్‌ని (బయటి పొర) మూడుగా పంచండి, ఒకటి ఫార్మలిన్‌లో, ఒకటి ఫ్లోరెసెన్స్ కోసం లిక్విడ్ నైట్రోజన్‌లో, మిల్లీమీటర్ ముక్కలు ఈఎం కోసం గ్లూటరాల్డిహైడ్‌లో. కొన్ని ఎలుకల్ని పద్నాలుగో రోజుదాకా ఉంచండి.

కొత్తస్కాలర్:
ఇంకో ఆరు ఎలుకలకి సీరం మిగిలింది, సోమవారం మొదలెడతా.