డయాలసిస్ అంటే ముందు రాత్రి నుంచే భయం, ఏం చేయాలి?

ప్రశ్న:
నాన్నగారికి 58 ఏళ్లు, సుమారు 60 కిలోలు. వారానికి 3 సార్లు హీమోడయాలసిస్. మిషన్ మీద మూడో గంట దాటగానే పిక్కలు పట్టేస్తున్నాయి. ముందు రోజు రాత్రి నిద్ర ఉండదు, ఈమధ్య "ఇంక వెళ్లను" అంటున్నారు. ధైర్యం చెబితే చాలా, సైకియాట్రిస్టుకు చూపించాలా?

డయాలసిస్ టెక్నీషియన్:
ముందు ఆ పిక్కల సంగతి చూడండి. భయం అక్కడే మొదలై ఉండొచ్చు. మిషన్ ఒంట్లోంచి నీరు లాగడం గంటకు, కిలో బరువుకు 13 మి.లీ. దాటకూడదని చూస్తాం. నాన్నగారికైతే 4 గంటల్లో 3.1 లీటర్లు. రెండు డయాలసిస్‌ల మధ్య నీటి బరువు 4 కిలోలు పెరిగి వస్తే అంతా ఒక్కసారే లాగాలి, బీపీ పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) తక్కువగా పెట్టినా ఇదే బాధ, నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టరును) దాన్ని మళ్లీ చూడమనండి.

నీళ్ల గ్లాసు లాక్కోకండి, ఉప్పు తగ్గించండి. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాకు మించకుండా. ఆవకాయ, అప్పడం మానకపోతే దాహం ఆగదు. 'లో సోడియం' ఉప్పు మాత్రం ఇంట్లోకే రానివ్వకండి. అందులో చాలావాటిలో పొటాషియం ఉంటుంది, గుండెకు ప్రమాదం.

సూది భయమైతే చర్మాన్ని మొద్దుబార్చే లిగ్నోకైన్-ప్రిలోకైన్ క్రీమ్ గురించి అడగండి. గంట ముందు రాసి, పైన ప్లాస్టిక్ కప్పి, సెంటర్‌లో పూర్తిగా తుడిచి చెయ్యి కడగాలి. చాలామంది పది నిమిషాల ముందు రాసి పనిచేయలేదంటారు.

రీనల్ కౌన్సెలర్:
పైవన్నీ సరిచేస్తూనే మనసు సంగతీ చూడాలండీ. నీరసం, ఆకలి లేకపోవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి కాబట్టి వాటినిబట్టి డిప్రెషన్ అనుకోకూడదు. రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, "నేను మీకు బరువు" అనడం, ఇవి గమనించండి. డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నలకు స్కోరు 10 లేదా అంతకు మించి వస్తే సైకియాట్రిస్టుకు చూపించాల్సిందే. మందులు నెఫ్రాలజిస్టుకు తెలిసే వాడాలి, ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.

"వెళ్లను" అన్నప్పుడు వాదించకండి. "ఏది కష్టంగా ఉంది నాన్నా?" అని అడిగి, చెప్పేదాకా ఆగండి. బతకాలని లేదన్నట్టు మాట్లాడితే ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ (14416)లో తెలుగులో, ఉచితంగా, ఎప్పుడైనా మాట్లాడొచ్చు. బరువు, నీళ్ల లెక్క రాసే పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి, మీరు కాపలా కాయొద్దు.

డైటీషియన్:
రాత్రి దురద వల్ల నిద్ర లేదేమో కూడా చూడండి. రక్తంలో ఫాస్ఫరస్ పెరిగినా దురద రావొచ్చు. దాన్ని తగ్గించే మాత్ర భోజనంతో పాటే వేసుకోవాలి, పరగడుపున వేస్తే ఉపయోగం ఉండదు. కాళ్లు కదపకుండా ఉండలేకపోతుంటే ఐరన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష అడగండి.