థామస్ టెస్టులో ఒకరికి 10, ఒకరికి 25 డిగ్రీలు: ఈ తుంటికి మడమ కింద ఎత్తు పెట్టడం సరైనదేనా?

కొత్త_ఫిజియో అడిగిన ప్రశ్న

58 ఏళ్ల మనిషి. కుడి తుంటి కీలు ఆర్థరైటిస్‌తో అరిగింది, ఆపరేషన్ ఇంకా నిర్ణయం కాలేదు. తుంటి వెనక్కి చాచుకోదు, కాలు పక్కకి తెరుచుకోదు, లోపలికి తిప్పడం దాదాపు సున్నా. నడుము ముందు పక్క ఎముక మొన నుంచి లోపలి చీలమండ దాకా టేపు పెడితే రెండు కాళ్లూ 86 సెం.మీ. బొడ్డు నుంచి కొలిస్తే మాత్రం కుడి కాలు 3 సెం.మీ. తక్కువ. ఇదివరకే ఎవరో కుడి చెప్పులో 2 సెం.మీ. మడమ ఎత్తు పెట్టించారు. అప్పటినుంచి తుంటి కంటే నడుము నొప్పే ఎక్కువైంది.

థామస్ టెస్టులో నాకు 10 డిగ్రీల ఫ్లెక్షన్ కాంట్రాక్చర్ (తుంటి ముందుకు వంగి బిగుసుకుపోవడం) వచ్చింది, సీనియర్‌కి 25. మంచం ఒకటే, కొలిచిన రోజు కూడా ఒకటే. మూడు సందేహాలు: ఏ కొలత నమ్మాలి? ఎత్తు తీసెయ్యాలా, ఉంచాలా? సాగదీత ఎలా, ఎంతసేపు చేయించాలి?

కొలటేపు ఇచ్చిన సమాధానం

రెండు కొలతలూ తప్పయ్యే అవకాశం ఉంది. తుంటి ముందు పక్క బిగిస్తే మనిషి వెల్లకిలా పడుకున్నా కాలు చాపగానే పెల్విస్ (కటి ఎముకల చట్రం) ముందుకు వాలుతుంది, నడుము విల్లులా లేస్తుంది. కాలు మంచానికి ఆనుతుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆ విల్లుని చదును చేసి, దాగిన కోణాన్ని బయటికి లాగడమే థామస్ టెస్టు. థామస్ స్ప్లింట్ (విరిగిన తొడకి కట్టే ఊత) పేరులో ఉన్న హ్యూ ఒవెన్ థామసే ఈయన, 19వ శతాబ్దపు వైద్యుడు.

మంచం గట్టిగా ఉండాలి. మెత్తటి పరుపులోకి పిరుదులు దిగిపోతే అయిదారు డిగ్రీలు అక్కడే మాయమవుతాయి. మీ అరచెయ్యి అతని నడుము కింద పెట్టండి. ఎడమ మోకాలిని మెల్లగా పొట్ట వైపు తీసుకెళ్లండి. వెన్ను మీ చేతిని మంచానికి నొక్కిన క్షణంలో ఆపెయ్యాలి. అంతకంటే ముందే ఆపితే విల్లు మిగిలిపోయి కోణం తక్కువగా వస్తుంది, మీ 10 బహుశా ఇదే. మోకాలిని ఛాతీకి అదిమేదాకా లాగితే పెల్విస్ వెనక్కి దొర్లి, లేని కాంట్రాక్చర్‌ని కూడా చూపిస్తుంది. సీనియర్ గారి 25లో కొంత భాగం అలా వచ్చి ఉండొచ్చు. చెయ్యి పెట్టకుండా కంటిచూపుతో చేస్తే ఈ రెండు తప్పుల్లో ఒకటి ఖాయం.

గోనియోమీటర్ (కోణం కొలిచే పరికరం) ఇరుసు గ్రేటర్ ట్రోకాంటర్ (తొడ పైభాగంలో బయటికి తగిలే ఎముక గుబ్బ) మీద, పరికరం ఒక చెయ్యి మొండేనికి సమాంతరంగా, రెండోది తొడ ఎముక బయటి కాండైల్ (మోకాలి దగ్గరి గుబ్బ) వైపు. మోకాలు కూడా బిగిసి ఉంటే కాలు చాపలేక తొడ పైకి లేస్తుంది, అప్పుడు తప్పు తుంటి మీదకి పోతుంది. అలాంటి వాళ్లని పిక్క మంచం చివర నుంచి కిందికి వేలాడేలా జరిపి చూడండి. తొడ మంచానికి ఆనకుండా, మోకాలు మాత్రం సులువుగా 80 డిగ్రీల పైన వంగి వేలాడితే బిగువు ఇలియోసోయస్‌లోనో (తుంటిని ముందుకు మడిచే లోపలి కండరం) కీలు పొరలోనో ఉంది. తొడ ఆనినా మోకాలు వంగకపోతే రెక్టస్ ఫీమోరిస్, అంటే తొడ ముందు కండరాల్లో ఒకటి. తొడ పక్కకి జారిపోతుంటే టెన్సార్ ఫేషియా లాటా, అంటే తుంటి బయటి పక్క కండరం.

రెండు తుంటులూ బిగిస్తే థామస్ టెస్టు పనికిరాదు, చదును చెయ్యడానికి ఎడమ కాలు సాయం రాదు. బోర్లా పడుకోబెట్టి కాళ్లు మంచం చివర నుంచి వేలాడదీసి, ఒక చెయ్యి పెల్విస్ మీద వేసి, మరో చేత్తో తొడ లేపుతూ పెల్విస్ కదలడం మొదలైన చోట కొలవాలి. స్టహేలి పద్ధతి అంటారు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు బిగిసే స్థితి) పిల్లల్లో ఇదే నయం.

ఇంక మీ 86, 86. ఇక్కడే నాకు అనుమానం. మీరు టేపు మొదలుపెట్టే ఎముక మొన తుంటి కీలుకి బయటగా ఉంటుంది. కాలు అడ్డక్షన్‌లో ఉంటే, అంటే లోపలికి ఉంటే, టేపు పొడుగు చూపిస్తుంది. అబ్డక్షన్‌లో ఉంటే, అంటే పక్కకి తెరిచి ఉంటే, పొట్టి చూపిస్తుంది. కుడి తుంటి అడ్డక్షన్‌లో బిగిసింది కాబట్టి దాని అసలు పొట్టితనాన్ని టేపే కప్పేసి ఉండొచ్చు. ముందు కుడి కాలిని ఇంకా లోపలికి తెచ్చి, రెండు ఎముక మొనలూ ఒకే గీతలో వచ్చేలా పెల్విస్ సరిచెయ్యండి. అప్పుడు కాలికీ శరీర మధ్యగీతకీ మధ్య కోణమే స్థిరపడ్డ అడ్డక్షన్. కుడి కాలు కొలిచాక దాన్ని ఎత్తి పట్టుకుని, ఎడమ కాలిని అంతే కోణంలోకి తెచ్చి కొలవండి. ఫ్లెక్షన్ కూడా రెండు పక్కలా ఒకేలా ఉండాలి.

నిటారు

పై సమాధానానికి కలిపి, నడుము ఎందుకు నొస్తుందో చెబుతాను.

మామూలు తుంటి 10 నుంచి 20 డిగ్రీలు వెనక్కి చాచుకుంటుంది. నిలబడినప్పుడు శరీర భారం గీత కీలుకి కాస్త వెనక పడుతుంది, ముందున్న ఇలియోఫీమోరల్ లిగమెంట్ (ఎముకల్ని కట్టి ఉంచే పట్టీ) బిగిసి మనిషిని ఆపుతుంది. కండరానికి పెద్దగా పని ఉండదు. 20 డిగ్రీల కాంట్రాక్చర్ ఉంటే గీత కీలుకి ముందుకొస్తుంది. ఇక ఊరికే నిలబడ్డానికే పిరుదు కండరం, హ్యామ్‌స్ట్రింగ్స్ (తొడ వెనక కండరాలు) పని చెయ్యాలి. క్యూలో పది నిమిషాలు నిలబడితే కాళ్లు లాగుతున్నాయనడం అందుకే.

మొండెం నిలబెట్టడానికి దారులు మూడే: నడుము విల్లులా వంచడం, మోకాళ్లు మడవడం, ముందుకు వాలిపోయి నడవడం. నడుము ఇంకా వంగే స్థితిలో ఉంటే మొదటిది జరుగుతుంది, దాంతో నడుము వెనక ఫేసెట్ కీళ్లు (వెన్నుపూసల్ని కలిపే చిన్న కీళ్లు) ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. నడుము గట్టిపడిన వాళ్లు మోకాళ్లు మడుస్తారు, అక్కడ తొడ ముందు కండరం త్వరగా అలసిపోతుంది. ఒకే మనిషి పొద్దున విల్లుతో నడిచి, సాయంత్రానికి మోకాళ్లు మడిచి నడవడం కూడా ఉంటుంది.

నడకలో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక అడుగు చక్రంలో తుంటి 30 డిగ్రీల ముందు వంపు నుంచి దాదాపు 10 డిగ్రీల వెనక చాపు దాకా వెళ్లాలి. కుడి కాలు వెనక ఉండాల్సిన క్షణంలో అది వెనక్కి రాదు, కాబట్టి ఎడమ అడుగు పొట్టిదవుతుంది. చాలామంది కొత్తవాళ్లు ఎడమ కాలిలో లోపం వెతుకుతారు. చూడాల్సింది కుడి మడమ త్వరగా లేవడం, ఆ క్షణంలో నడుము ముందుకు కుదుపుకోవడం.

ఒక పరీక్ష మీరు చెయ్యలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి నడుము చూడండి. తుంటి మడిచాక పెల్విస్ విడుదలై విల్లు మాయమైతే నడుము ఇంకా మెత్తగానే ఉంది, తప్పు తుంటిది. కూర్చున్నా విల్లు మిగిలితే నడుము కూడా గట్టిపడిపోయింది, అప్పుడు లెక్క మారుతుంది. పక్క వంపుకీ ఇదే పరీక్ష. తుంటి, వెన్ను రెండూ నొప్పి పెట్టే వాళ్లని 1983లో ఆఫియర్‌స్కీ, మెక్‌నాబ్ అనే వైద్యులు హిప్ స్పైన్ సిండ్రోమ్ అని విడిగా వర్గీకరించింది ఈ గందరగోళం వల్లనే.

మడమ ఎత్తు సంగతి. 3 సెం.మీ. ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క కట్టండి. రెండు తుంటి కీళ్ల కేంద్రాల మధ్య దూరం పెద్దవాళ్లలో ఉజ్జాయింపుగా 17, 18 సెం.మీ. అడ్డక్షన్ 10 డిగ్రీలు బిగిస్తే, కాళ్లు సమాంతరంగా రావాలంటే పెల్విస్ కుడి పక్క 10 డిగ్రీలు లేవాలి. సైన్ 10 అంటే 0.17, దాన్ని 18తో గుణిస్తే 3 సెం.మీ. మీ బొడ్డు కొలతలో తేడా చాలావరకు అదే. కాలు అంత పొట్టిదై కాదు, పెల్విస్ ఎక్కి కూర్చుంది. మడమ కింద ఎత్తు ఆ ఎక్కిన పెల్విస్‌ని అలాగే నిలబెట్టేస్తుంది, నడుము పక్కవంపుతోనే రోజంతా గడపాలి. అబ్డక్షన్ కాంట్రాక్చర్‌లో దీనికి సరిగ్గా తలకిందులు: ఆ పక్క పెల్విస్ దిగుతుంది, కాలు పొడుగైనట్టనిపిస్తుంది. తుంటి మార్పిడి తర్వాత "ఆపరేషన్ చేసిన కాలు పొడుగైపోయింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. తొందరపడి రెండో చెప్పులో ఎత్తు పెట్టకండి.

నెమ్మదిగా

సాగదీత విషయంలో మొదట చెయ్యాల్సింది కీలు చివర ఎలా ఆగుతోందో చూడటం. తోలు సాగుతున్నట్టు ఆగితే కండరం, కీలు పొర. ఆశ ఉంది. రాయికి తగిలినట్టు టక్కున ఆగితే ఆస్టియోఫైట్లు (కీలు అంచున పెరిగిన ఎముక ముళ్లు), ఎంత లాగినా నొప్పే మిగులుతుంది. ముదిరిన ఆర్థరైటిస్‌లో రెండూ కలిసి ఉంటాయి, కాబట్టి 20 డిగ్రీల్లో అయిదో ఎనిమిదో తిరిగొస్తే అదే మంచి ఫలితం.

బలం తక్కువ, సేపు ఎక్కువ. బోర్లా పడుకోవడం దీనికి సులువైన దారి. మొదటి రోజుల్లో 5 నిమిషాలు, మెల్లగా 20 నుంచి 30 నిమిషాలకి పెంచి రోజుకు రెండుసార్లు. పాదాలు మంచం అంచు దాటి వేలాడాలి, లేకపోతే కాలి వేళ్లు పరుపుకి తగిలి మోకాళ్లు వంగుతాయి. బోర్లా పడుకోగానే నడుము లేస్తుంటే పొట్ట కింద దిండు పెట్టండి. లేకపోతే సాగేది తుంటి కాదు, నడుము. వారం వారం దిండు మందం తగ్గించుకుంటూ రండి. నడుము నొప్పి ఉన్నవాళ్లకి దిండు లేకుండా "బోర్లా పడుకోండి" అని ఒక్క మాట రాసి పంపించడం సగం వైఫల్యాలకి కారణం.

సగం మోకాళ్ల భంగిమ వీలైతే: కుడి మోకాలి కింద మెత్త, ఎడమ పాదం ముందు. ముందుకు జరగకముందే కుడి పిరుదు బిగించి తోక ఎముకని కిందికి తిప్పాలి. అంతలోనే తొడ ముందు లాగుడు తెలియాలి. 30 సెకన్లు, 3 నుంచి 5 సార్లు. అందరూ చేసే తప్పు, పెల్విస్ వదిలేసి మొత్తం ముందుకు వాలడం. చూడ్డానికి పెద్ద సాగదీతలా ఉంటుంది, పని నడుము దగ్గర జరుగుతుంది. అడ్డక్టర్లకి (కాలిని లోపలికి లాగే తొడ కండరాలకి) వెల్లకిలా పడుకుని ఎడమ కాలిని మంచం పక్కకి వేలాడదీస్తే పెల్విస్ జారకుండా నిలుస్తుంది. అప్పుడు కుడి కాలిని మెల్లగా పక్కకి తీసుకెళ్లండి.

వచ్చిన అయిదు డిగ్రీలూ నిలవాలంటే ఆ కోణంలో పిరుదు కండరం పనిచెయ్యాలి. బ్రిడ్జింగ్ (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపడం) 10 చొప్పున 2, 3 విడతలు, పైన 5 సెకన్లు నిలిపి. ఎడమ చేతిలో ఊతకర్ర పెట్టిస్తే కుడి కీలు మీద భారం తగ్గుతుంది. నొప్పి మరుసటి రోజుకి కూడా తగ్గకపోతే మోతాదు ఎక్కువైంది.

రాత్రి మోకాలి కింద దిండు మాన్పించండి. హాయిగా ఉంటుంది, నిజమే. కాని పొట్టి స్థితిలో ఉంచిన కండరం వరసలో సార్కోమియర్లని (కండరాన్ని ముడిచే అతి చిన్న భాగాల్ని) పోగొట్టుకుని ఆ పొట్టితనానికే అలవాటు పడుతుంది. మోకాలి పైన కాలు తీసేసిన వాళ్లలో మిగిలిన కాలి మొండి కింద దిండు పెట్టొద్దని నర్సులు గట్టిగా చెప్పేది అందుకే.

కీలుబొమ్మ

ఒక అభ్యంతరం. సాగదీత మీద అంత నమ్మకం పెట్టకండి. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష, నరాల జబ్బుల వల్ల వచ్చిన కాంట్రాక్చర్లలో సాగదీత కీలు కదలికని చెప్పుకోదగ్గంత పెంచలేదనే తేల్చింది. ఇక్కడ జబ్బు వేరు, ఒప్పుకుంటాను. కాని పక్షవాతం, వెన్నుపాము దెబ్బల వాళ్లకి కూడా పై పద్ధతే అతికించేస్తారని చెబుతున్నాను. అక్కడ ముందు స్పాస్టిసిటీని (నరాల లోపం వల్ల కండరం దానంతటదే బిగవడం) కాంట్రాక్చర్ నుంచి విడదీయాలి: వేగంగా కదిపితే త్వరగా ఆగి, నిదానంగా కదిపితే ఇంకా ముందుకెళ్తే ఆ తేడా స్పాస్టిసిటీది. వెన్నుపాము దెబ్బ తర్వాత తుంటి వాచి, వేడెక్కి, కదలిక రోజురోజుకీ తగ్గుతుంటే హెటరోటోపిక్ ఆసిఫికేషన్ (ఉండకూడని చోట ఎముక పెరగడం) అనుమానించండి, బలంగా లాగకండి. ఆ తొడ ఎముకలు బోలుగా ఉంటాయి, విరుగుతాయి కూడా.

పిల్లలు జ్వరంతో తుంటి మడిచి, కాలు కదపనివ్వకపోతే అది కాంట్రాక్చర్ చర్చ కాదు. కీలులో చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రి. అప్పుడే పుట్టిన పిల్లల్లో మాత్రం 20, 30 డిగ్రీల వంపు మామూలే, నెలల్లో అదే పోతుంది.

కొత్త_ఫిజియో

చెయ్యి పెట్టి మళ్లీ కొలిచాం. ఇద్దరికీ 20 వచ్చింది. స్థిరపడ్డ అడ్డక్షన్ 10. ఎడమ కాలిని అదే కోణంలో పెట్టి కొలిస్తే కుడి 1 సెం.మీ. పొట్టి. స్టూలు మీద విల్లు, పక్కవంపు రెండూ పోయాయి. కీలు చివర అబ్డక్షన్ వైపు (కాలు పక్కకి తెరిచేటప్పుడు) తోలులా, లోపలి తిప్పుడులో రాయిలా ఆగుతోంది.

నిటారు

అయితే నడుము మెత్తగానే ఉంది, 2 సెం.మీ. ఎత్తులో అసలు లోటుకి చెందింది 1 మాత్రమే. ఒక్కసారిగా తీసెయ్యకండి. పెల్విస్ ఇంకా ఎక్కే ఉంది కాబట్టి కుడి మడమ గాల్లో ఉండిపోతుంది, లేదా ఎడమ మోకాలు మడుచుకుంటాడు. ముందు రెండు వారాలు అడ్డక్టర్ల మీద పని చెయ్యండి. స్థిరపడ్డ అడ్డక్షన్ కొంత తగ్గాక 5 మి.మీ. తీసి వారం చూడండి, నడుము ఊరుకుంటే మరో 5 మి.మీ. 1 సెం.మీ. దగ్గర ఆగండి. లోపలి తిప్పుడు కోసం లాగొద్దు. ఆపరేషన్‌కి పంపేటప్పుడు ఈ కొలతలన్నీ, కాళ్లు ఏ కోణంలో పెట్టి కొలిచారో సహా కాగితం మీద రాసి పంపండి. కాలు ఎంత పొడుగు పెంచాలో సర్జన్ లెక్కవేసేది 3 సెం.మీ.తోనా, 1 సెం.మీ.తోనా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.