పక్షవాతం వచ్చిన నాన్న మళ్ళీ కొట్లో కూర్చోగలరా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఫిజియోతో ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు గానీ చొక్కా కూడా అమ్మే తొడగాలి, కిరాణా కొట్టు మూసేశాం, ఎవరితో మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. డాక్టర్ గారేమో ఆక్యుపేషనల్ థెరపీ చేయించమన్నారు, మా పల్లెటూళ్ళో అది కుదిరే పనేనా?

జవాబు 1:
తమ్ముడూ, నేను ఆక్యుపేషనల్ థెరపిస్టునే, ఇళ్ళకెళ్ళి చేస్తుంటా. ఫిజియో చెయ్యీ కాలూ కదిలేలా చూస్తారు, ఆ ఉన్న కదలికతోనే స్నానం, బట్టలు, పని ఎలా చేసుకోవాలో మేం నేర్పుతాం, కాబట్టి మీ ఇల్లు, మీ కొట్టే దానికి సరైన చోటు.

ముందు చొక్కా. పాదాలు నేలకి ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా ఒళ్ళో పరిచి, ఎడం చేత్తో కుడి చేతిని ఆయన్నే దూర్చుకోమనండి, భుజం దాకా లాక్కున్నాక అప్పుడు ఎడమ చెయ్యి. విప్పేటప్పుడు ఎడమ చెయ్యి ముందు. బొత్తాలు కుదరకపోతే వెల్క్రో కుట్టించండి. పావుగంట పట్టినా అమ్మ పక్కనుండి చూడాలే గానీ చేసిపెట్టకూడదు. లేపేటప్పుడు మాత్రం కుడి చెయ్యి పట్టి గుంజొద్దు, భుజం కీలు దెబ్బతింటుంది.

కొట్టు సాయంత్రం గంటసేపు తెరవండి చాలు. ఎక్కువ పోయే సరుకు పావుకిలో, అరకిలో ప్యాకెట్లు ముందే కట్టి నడుం ఎత్తులో ఎడం పక్కన, కాటా కూడా అటే. కుడి చెయ్యి వేలాడనివ్వకుండా బల్ల మీద పెట్టించండి, కవరు జారకుండా అదిమి పట్టడానికి అదే పనికొస్తుంది. చిల్లర బాధ లేకుండా క్యూఆర్ కోడ్, డబ్బు పడితే చెప్పే స్పీకర్ బాక్సు. మెట్ల దగ్గర రెండు వైపులా పైపు పెట్టించండి, ఎక్కేటప్పుడు ఎడం పక్కనున్నది దిగేటప్పుడు కుడి పక్కకొస్తుంది కదా.

ఆ గోడ వైపు పడుకోవడం మొండితనం అనుకోవద్దు తమ్ముడూ, పక్షవాతం తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, మందులకి తగ్గుతుంది, డాక్టర్ గారికి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న:
చాలా థాంక్స్ అక్కా. పింఛను ఏమైనా వస్తుందా?

జవాబు 2:
ఆంధ్రా అయితే సచివాలయంలో సదరం (వైకల్యం ఎంతో చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) స్లాట్ బుక్ చేయించుకో బ్రదర్. వైకల్యం 40 శాతం, ఆపైన రాస్తే పింఛనుకి అప్లై చేయొచ్చు, 2024 నుంచి నెలకి 6000 చేశారు. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కూడా తీసుకో, దివ్యాంగులకి పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో క్యాంపు పడినప్పుడు కర్ర, వీల్‌చైర్ లాంటివి అడగడానికి ఉపయోగపడుతుంది.