మే నెల పెళ్లికి మూడంతస్తుల కేక్ నిలుస్తుందా?

చెల్లి పెళ్లి మేలో, గుంటూరులో. ఉదయం చర్చి, సాయంత్రం ఆరుబయట రిసెప్షన్. 350 మంది వస్తారు. మూడంతస్తుల తెల్ల కేక్ దానికి చిన్నప్పటి ఆశ. నాన్న లేరు, ఏర్పాట్లన్నీ నేనే చూస్తున్నా. పోయినేడు మా అన్న పెళ్లిలో కేక్ కోసేలోపే పై అంతస్తు జారిపోయింది. వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకే టెన్షన్. ఎన్ని కిలోలు చెప్పాలి?

జవాబు:
అన్నా, నేను విజయవాడలో ఇంట్లోనే కేకులు చేస్తాను. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది, మే సాయంత్రాలు మనకి అంతకంటే వేడి. ఆరుబయట బటర్‌క్రీమ్ (వెన్న, పంచదార కలిపి గిలకొట్టిన క్రీమ్) వద్దు, ఫాండెంట్ (కేక్ మీద కప్పే పంచదార ముద్ద పొర) అడగండి. కింది రెండు అంతస్తులు థర్మాకోల్‌తో చేయించండి, బయటికి తేడా తెలియదు. చెల్లి కోసేది పైది, అది మాత్రం అసలు కేక్. అతిథులకి అదే రుచిలో పళ్లెం కేకులు వంటశాలలో కోసి పెట్టించండి. మనిషికి 40 గ్రాములు వేసుకున్నా 14 కిలోలు. అంతస్తులు విడిగా తెచ్చి అక్కడే నిలబెట్టమనండి, గతుకుల రోడ్డు మీద పేర్చిన కేక్ తేవద్దు.

జవాబు:
బాబూ, మా అమ్మాయికి ప్లమ్ కేక్ చేయించాం, క్రీమ్ గొడవే లేదు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు తేదీ, టైము, పేర్ల స్పెల్లింగు బిల్లు మీద రాయించుకో. మా కేక్ మీద అల్లుడి పేరు తప్పు పడింది.

ప్రశ్న అడిగినవారు:
థర్మాకోల్ సంగతి చెల్లికి చెప్పాను, ఒప్పుకుంది. పైది మాత్రం పైనాపిల్ కావాలట. పిన్నిగారూ, పేర్లు కాగితం మీద రాసి ఇస్తాను.