కాలనీ పక్కన కుక్కల షెల్టర్: రాత్రంతా అరుపులు, ఖాళీ చేయించడం న్యాయమేనా?

మూడోవీధి_112:

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా కాలనీ అసోసియేషన్ మీటింగ్ ఉంది. పక్కనున్న కుక్కల షెల్టర్‌ని ఖాళీ చేయించమని ఆర్డీఓ ఆఫీసుకి ఇచ్చే అర్జీ మీద అందరి సంతకాలు తీసుకుంటారట. ఆ అర్జీ రాసే పని నా మీద పడింది. రాసేముందు నలుగురి మాట వినాలని ఇక్కడ పెడుతున్నాను.

మాది హైదరాబాద్ ఔటర్ దాటాక వచ్చే ఓ లేఅవుట్. ఊరి పేరు, షెల్టర్ పేరు రాయను, వాళ్ళని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. మా ప్రహరీకీ వాళ్ళ రేకుల షెడ్డుకీ మధ్య ఇరవై అడుగుల మట్టిరోడ్డు, అంతే. మూడేళ్ళ కిందట మేము గృహప్రవేశం చేసినప్పుడు అక్కడ ముప్ఫై, నలభై కుక్కలు ఉండేవి. ఇప్పుడు నూట ముప్ఫై పైనే అని అక్కడ పనిచేసే మనిషే చెప్పాడు. అదే షెడ్డు, అవే గదులు.

రాత్రి మూడు నలభైకి పాల వ్యాను మలుపు తిరుగుతుంది. దాని లైటు జాలీ మీద పడగానే చివరి గదిలో ఒక కుక్క మొదలుపెడుతుంది. దాని గొంతు బొంగురుగా ఉంటుంది, నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. మూడుసార్లు మొరిగేసరికి పక్క గదిది అందుకుంటుంది, ఆ తర్వాత షెడ్డు షెడ్డంతా. ఇరవై నిమిషాలు తగ్గదు. మా నాన్నకి డెబ్బై నాలుగు, బైపాస్ అయింది. ఆ టైముకి చెవుల్లో దూది పెట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చుని ఉంటారు. ఏమీ అనరు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ. మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చాయి.

నాకు కుక్కలంటే కోపం లేదు. కానీ ఇలా ఎన్నాళ్ళు? షెల్టర్ వేరేచోటికి వెళ్ళాలని అడగడం తప్పా?

చింతతోపు:

షెల్టర్ ముందు వచ్చిందా, మీ కాలనీ ముందు వచ్చిందా? ఊరికి దూరంగా పొలాల మధ్య వాళ్ళ మానాన వాళ్ళు ఉంటే రియల్ ఎస్టేట్ వాళ్ళు అక్కడిదాకా ప్లాట్లు కొట్టారు. పక్కన కుక్కలున్నాయని తెలిసే రేటు తక్కువని కొంటారు, రోడ్డు పడి రేటు పెరిగాక కుక్కలు పోవాలంటారు. అవి ఎక్కడికని పోతాయి? ఇంకో పదేళ్ళకి అక్కడికీ కాలనీ వస్తుంది.

మూడోవీధి_112:

చింతతోపు గారూ, ప్లాటు చూడ్డానికి మమ్మల్ని తీసుకెళ్ళింది మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి. కుక్కలన్నీ పడుకుని ఉన్నాయి. మేస్త్రీని అడిగితే "నాలుగు కుక్కలండీ, ఎవరో పెంచుకుంటారు" అన్నాడు. రాత్రిపూట వచ్చి చూసుకోవాల్సింది, అది నా పొరపాటే, ఒప్పుకుంటాను. కానీ ముప్ఫై కుక్కల పక్కన ఇల్లు కట్టుకున్నవాడు నూట ముప్ఫైకి కూడా ఒప్పుకున్నట్టేనా?

వకీలు_ఖమ్మం:

"మేము ముందొచ్చాం" అన్న వాదన న్యూసెన్స్ కేసుల్లో నిలబడదు. ఎవరు ముందొచ్చినా, ఇప్పుడు పక్కవాడి ఆరోగ్యానికి, నిద్రకి ఇబ్బంది అవుతోందా అన్నదే చూస్తారు. కాబట్టి చింతతోపు గారి మాట మనసుకి న్యాయంగా అనిపించినా చట్టం ముందు బలం తక్కువ.

ఇక 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ (చప్పుడు ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. ఆ పరిమితిని పది డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ దాటితే ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఆ అంకె కొంతసేపటి సగటు, ఒక్క అరుపు అంత గట్టిగా ఉందని చూపిస్తే సరిపోదు. ఫోన్‌లో యాప్ పెట్టి తీసిన స్క్రీన్‌షాట్‌ని కూడా ఎవరూ ఖాతరు చేయరు. కాలుష్య నియంత్రణ మండలికి రాసి వాళ్ళ మీటరుతో కొలిపించండి.

అసలు విషయం ఏమిటంటే, ఆర్డీఓ దగ్గరికి వెళ్ళే దారి బీఎన్ఎస్ఎస్ (కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం) సెక్షన్ 152, దాని ముందున్న పాత చట్టం సీఆర్పీసీలో 133. అందులో "తొలగించు" అని ఒక్కటే లేదు, ఫలానా విధంగా "నియంత్రించు" అని ఆదేశించే అధికారం కూడా ఉంది. ఖాళీ చేయించడం తప్ప వేరే దారి లేదని రాస్తే నెగ్గడం కష్టం. నూట ముప్ఫై జీవాల్ని ఎక్కడ పెడతారని మొదటి రోజే అడుగుతారు.

ఇంకో హెచ్చరిక. ఇలాంటి కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఎవడో ఒకడు బిస్కెట్లలో మందు కలుపుదాం అంటాడు. జంతువుని చంపితే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) సెక్షన్ 325 కింద ఐదేళ్ళ వరకు జైలు. మీ గ్రూపులో అలాంటి మెసేజ్ ఉంటే ఈ రోజే అందరి ముందూ ఖండించండి, లేకపోతే రేపు మీ అర్జీ విలువ పోతుంది.

ఇద్దరుపిల్లలతండ్రి:

నేను ఇంకోవైపు నుంచి మాట్లాడతాను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని వీధికుక్కలు చంపేసిన వీడియో చూశాక నేను చాలా రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఆ రోజు నుంచి నాలాంటి వాళ్ళందరం అడుగుతున్నది ఒకటే, వీధుల్లోంచి తీసి షెల్టర్లలో పెట్టండి అని. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు కూడా స్కూళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసి షెల్టర్లకి పంపాలని, మళ్ళీ అక్కడ వదలొద్దని చెప్పింది. మంచిది. మరి ఆ షెల్టర్లు ఎక్కడ కడతారు? ఎక్కడ కట్టినా పక్కన ఎవరో ఒకరి ఇల్లు ఉంటుంది. 112 గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ మీ అర్జీ నెగ్గి ఆ గేటు మూతపడితే ఆ నూట ముప్ఫైలో సగమైనా మీ రోడ్డు మీదికే వస్తాయి. అప్పుడు అమ్మాయిని ట్యూషన్‌కి ఎలా పంపుతారు?

గేటుదగ్గర_అక్క:

నేను వేరే షెల్టర్‌లో ఆరేళ్ళుగా వలంటీర్‌ని. మా వాళ్ళ తరఫున కోపంగా రాద్దామని కూర్చున్నాను గానీ ఆ నాన్నగారి సంగతి చదివాక రాయలేకపోయాను.

నూట ముప్ఫై ఎలా అయ్యాయో చెప్తాను తమ్ముడూ. ఎవరూ కావాలని పెంచుకోరు. పొద్దున గేటు తీస్తే బియ్యం సంచిలో పిల్లలుంటాయి. బండి గుద్ది వెనక కాళ్ళు పోయినవాటిని రాత్రి పదింటికి ఆటోలో తెచ్చి దింపిపోతారు. ఇల్లు మారుతున్నాం, అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరు అని లాబ్రడార్లని, హస్కీలని కట్టేసి వెళ్ళిపోతారు. వీధికుక్కకి ఆపరేషన్ చేసి టీకా వేశాక పట్టుకున్న చోటే వదలాలని 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనలు చెప్తున్నాయి, కానీ వదలడానికి వెళ్తే ఆ వీధివాళ్ళు కర్రలతో నిలబడతారు. మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటాం. "లేదు, చోటు లేదు" అనడం మాకు చేతకాదు. అదే మేము చేసే తప్పు, ఇది నేను మనసారా ఒప్పుకుంటున్నాను. నాలుగు కుక్కలు పట్టే గదిలో పది ఉంటే వాటికి ఊపిరాడదు, పొద్దస్తమానం కీచులాట, ఒకటి లేస్తే అన్నీ లేస్తాయి. అరుపు ఎక్కువైందంటే లోపల ఇరుకు ఎక్కువైందని అర్థం.

ఇంకో మాట. మనకి ఇరవై వేల హెర్ట్జ్ (శబ్దం కీచుదనానికి కొలత) దాకా వినపడితే కుక్కకి నలభై ఐదు వేల దాకా వినపడుతుంది. మీకు రోడ్డు అవతల వినపడేది వాటికి రేకుల కింద వినపడుతోంది. అమెరికాలో కెనెల్‌లో, అంటే కుక్కల్ని ఉంచే గదుల్లో, పెట్టిన కుక్కల వినికిడిని పరీక్షించి చూస్తే ఆరు నెలల్లోనే తగ్గిపోయింది. కాబట్టి చప్పుడు తగ్గించమని అడిగినవాళ్ళని కుక్కలకి శత్రువులని మా వాళ్ళు అనడం తప్పు. అడిగితే ఆ కుక్కలకి కూడా మేలే.

బీబ్లాక్_సెక్రటరీ:

ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి అక్కా. మా దగ్గర రెండేళ్ళు మాట్లాడాం. ప్రతిసారీ "చూస్తాం సార్" అన్నారు, ప్రతిసారీ నాలుగు కుక్కలు పెరిగాయి. మాటలకి లొంగనివాళ్ళు కాగితానికే లొంగుతారు. 112 గారూ, మెత్తగా రాయకండి.

సౌండ్‌పని_విశాఖ:

ఫంక్షన్ హాళ్ళకి, రికార్డింగ్ గదులకి చప్పుడు బయటికి పోకుండా చేసే పని నాది. ఒక షెల్టర్‌కి కూడా చేశాను కాబట్టి చెప్తున్నాను.

కెనెల్ లోపల చప్పుడు 100 డెసిబెల్స్ దాటడం మామూలే. దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, అదీ అడ్డంకులు, ప్రతిధ్వనులు లేని ఖాళీ మైదానంలో. ఇరవై అడుగుల రోడ్డుకి తగ్గేది ఎంత? పైన రేకు, పక్కన సిమెంటు గోడ, కింద బండ, మూడూ చప్పుడుని వెనక్కి కొట్టేవే. ఆ షెడ్డు ఒక డప్పు లాంటిది. అందరూ అడుగుతారు, మధ్యలో అశోక చెట్లు వేద్దామా అని. వేయండి, పచ్చగా ఉంటుంది, కానీ ఒక వరుస చెట్లు చప్పుడుని ఆపవు. గోడ ఆపుతుంది, అదీ ఇంటి కిటికీలోంచి చూస్తే షెడ్డు కనపడనంత ఎత్తుండి, మధ్యలో కంతలు, కింద సందు లేకుండా ఉంటేనే.

గోడకంటే ముందు చేయాల్సింది ఇంకోటుంది. కుక్క చాలావరకు చూసి మొరుగుతుంది. జాలీ కింది సగం రేకుతోనో ప్లైవుడ్‌తోనో మూసేస్తే రోడ్డు మీద పోయే బండి, ఎదురు గదిలో కుక్క కనపడవు. మొత్తం మూయకూడదు, గాలి ఆడదు, వాటికి పిచ్చెత్తుతుంది. మేము చేసిన చోట ముందు రోడ్డువైపు గదులు ఖాళీ చేసి అక్కడ దాణా సంచులు పేర్చారు, కుక్కల్ని వెనక్కి మార్చారు. గోడ కట్టకముందే పక్కింటివాళ్ళు తేడా తెలిసిందన్నారు.

మూడోవీధి_112:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మంగళవారం రాత్రి నేను షెల్టర్‌కి వెళ్ళాను. అసోసియేషన్‌కి చెప్పలేదు, బీబ్లాక్ గారూ, తర్వాత చెప్పాను, మా ప్రెసిడెంట్‌కి కోపం కూడా వచ్చింది. అక్కడ రాత్రి కాపలాకి ఉండేది ఒక్క మనిషి, యాభై ఏళ్ళుంటాయి, మూడున్నరకి నాకు టీ పెట్టి ఇచ్చాడు. మూడు నలభైకి వ్యాను వచ్చింది. లైటు సరిగ్గా చివరి గదిలోకి కొట్టింది. ఆ బొంగురు గొంతుది ఒక ముసలి లాబ్రడార్, కంట్లో పువ్వు వేసింది, ఎవరో కారులో తెచ్చి గేటుకి కట్టేసి పోయారట. దానికి ఏమీ కనపడదు, ఆ వెలుతురు ఒక్కటే కనపడుతుంది. లేచి గోడకి ఆనుకుని వణుకుతూ మొరిగింది. రాత్రిళ్ళు నన్ను లేపేది అదే.

మర్నాడు ఆ కాపలా మనిషి, నేను కలిసి ఆ గది జాలీకి వడ్లు ఆరబోసుకునే పట్టా కట్టాం. ఆ రాత్రి వ్యాను వచ్చింది, అది లేవలేదు. నాన్న అయినా లేచే ఉన్నారు, అలవాటైపోయింది. గురువారం మళ్ళీ మామూలే, ఒంటిగంటకి బయట వీధికుక్కలు గేటు దగ్గర కొట్లాడుకుంటే షెడ్డంతా అరగంట. కాబట్టి పట్టాతో అయిపోయిందని చెప్పడం లేదు. నాలుగు పట్టే గదిలో తొమ్మిది ఉండటం నేను లెక్కపెట్టాను, అది పట్టాతో పోదు.

అర్జీ మార్చి రాస్తున్నాను. ఖాళీ చేయించమని అడగను. రోడ్డువైపు గదులు వెనక్కి మార్చాలి, షెడ్డు పొడవునా గోడ కట్టాలి, దాని ఖర్చులో సగం కాలనీ మెయింటెనెన్స్ నుంచి ఇద్దామని నేనే ప్రతిపాదిస్తాను, ఒప్పుకుంటారో లేదో తెలీదు. అన్నిటికంటే ముఖ్యం, గదికి ఇన్ని అని ఒక సంఖ్య ఉండాలి, అంతకు మించి తీసుకోకూడదు. షెల్టర్ నడిపే మేడమ్ ఈ ఒక్కదానికే ఒప్పుకోవడం లేదు. గేటు దగ్గర వదిలిపోయిన దాన్ని నేనెలా కాదంటాను అని ఏడ్చింది. అక్కా, మీరు రాసిన మాటే ఆవిడకి చదివి వినిపించాను, అయినా కుదరలేదు. కానీ ఆ సంఖ్య లేకపోతే గోడ కట్టీ లాభం లేదు, ఇందులో నేను తగ్గను. కాలనీవాళ్ళం కూడా కొన్ని కుక్కల్ని దత్తత తీసుకోవాలని చింతతోపు గారు అంటారేమో. అంటే న్యాయమే. ఆ లాబ్రడార్ గురించి ఇంట్లో మాట్లాడుతున్నాను.

వకీలు గారూ, "నియంత్రించు" కింద సంఖ్య మీద పరిమితి అడిగే వాక్యం ఎలా రాయాలో చెప్పండి. శనివారం సాయంత్రం లోపు కావాలి, ఆదివారం పదింటికి మీటింగ్.