పొమ్మనుటే... చాలా, చావా?

ఎలుకల ల్యాబ్: మా పని గురించి తెలుగులో చిన్న వ్యాసం రాస్తున్నా. చిట్టెలుక పొట్టలో ఇంకో చిట్టెలుక గుండె అతికిస్తాం. దాని సొంత గుండె దాని చోటే ఉంటుంది. 1973లో కోరీ, విన్, రసెల్ చేసి చూపిన పద్ధతి ఇది. మళ్లీ కొయ్యకుండా రోజూ వేళ్లతో పొట్ట తడిమి, కొత్త గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో 4 నుంచి 0 దాకా మార్కులు వేస్తాం. 0 అంటే ఒళ్లు దాన్ని రిజెక్ట్ చేసేసినట్టే. 'తిరస్కరణ' అని రాస్తే రేషన్ కార్డు అర్జీ వెనక్కొచ్చినట్టుంది. ఇంతలో వేమన 'చంపదగినట్టి శత్రువు' బుర్రలో దూరింది. చివర 'పొసగ మేలు చేసి పొమ్మనుటే' తర్వాత చాలా, చావా?

లఘువు గురువు: చాలు. బడిలో అందరం చదివిందే.

మేడమెట్లు: మా తాతయ్య 'చావు' అనేవారు. మేలు చేసి పంపితే శత్రువుకి అంతకు మించిన చావేముంటుంది? 'చాలు' అంటే పద్యం చప్పబడిపోతుంది.

లఘువు గురువు: గణాలతో తేలేది కాదు, రెండూ సరిపోతాయి. కానీ 'పొమ్మనుటె' అని పొట్టి టె రాసేవాళ్లని మాత్రం వదలను. పొమ్మను భగణం, టేచాలు తగణం. టె పొట్టిదైతే జగణం వస్తుంది, ఇంద్రగణాల్లో దానికి చోటెక్కడిది?

పాతప్రతి: నోళ్లలో తిరిగిన పద్యానికి ఒకే పాఠం ఎక్కడిదండీ? బ్రౌన్ దొర అన్ని రాతప్రతులు పోగేసింది అందుకేగా. అయినా ఆయన పుణ్యమా అని మనకింత వేమన మిగిలాడు.

మేడమెట్లు: మళ్లీ దొర భజన మొదలు. ల్యాబ్ గారూ, 'పొమ్మనడం' అనే రాసేయండి. వారంలో గుండె ఆగితే పొమ్మనడం. నెలల తరబడి నీరసించి ఆగితే పొమ్మనలేక పొగబెట్టడం.

ఎలుకల ల్యాబ్: భలే అన్నారు! రెండోదాంట్లో రక్తనాళాలు లోపల్లోపలే సన్నబడతాయి. ఆ పొగ వేళ్లకి అందదు. కొట్టుకోవడం తగ్గిందని తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. అందుకే దాత కణాల్లో మిణుగురు ఎంజైము లూసిఫెరేజ్ పెట్టి, వెలుగు తగ్గుతోందేమో కెమెరాతో చూస్తారు. నెత్తురులో దాత డీఎన్‌ఏ ముక్కలు పెరుగుతున్నాయేమో కొలుస్తారు. వీటన్నిటినీ కలిపి 'కోతలేని పరీక్షలు' అనొచ్చా?

పాతప్రతి: కోతలు కొయ్యనివాళ్లు చేసే పరీక్షలా? ఈ గుంపులో దొరకరు.

మేడమెట్లు: ఒకటి గమనించారా? ఇక్కడ శత్రువు అనుకుంటున్నది పాపం ప్రాణం పొయ్యడానికొచ్చిన గుండెని. దాన్ని పొమ్మంటే రెండో గుండెకి నిజంగానే చావు. కాబట్టి నా పాఠమే రైటు.

లఘువు గురువు: అది ఎలుక సాక్ష్యం, వేమన సాక్ష్యం కాదు. ముందు మొదటి పాదం చూడండి. ల్యాబ్ గారు 'చంపదగినట్టి' అన్నారు, 'చంపదగినయట్టి' కదా. ఆ 'య' ఎవరు మింగారు?