చెరువుల లెక్క అడిగితే స్కాన్ కాపీలిచ్చారు, వీటితో ఏం చెయ్యాలి?

ఆయకట్టు:
మా మండలంలోని చిన్నతరహా చెరువుల జాబితా, ఒక్కోదాని కింద సాగయ్యే భూమి, ఏ ఏడు ఏ పనికి ఎంత మంజూరైంది అని సమాచార హక్కు చట్టం కింద అడిగాను. ఇచ్చారు, ఇవ్వలేదనను. కానీ కంప్యూటర్లో ఉన్న పట్టికను ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి, మళ్ళీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపారు. కొన్ని పేజీలు వాలిపోయి ఉన్నాయి, కొన్నిచోట్ల అంకెల మీదే స్టాంపు పడింది. కూడికలు వెయ్యాలంటే మొత్తం మళ్ళీ టైపు చెయ్యాలి. ఆ ఎక్సెల్ ఫైలే ఇవ్వండి అంటే "అలా ఇచ్చే పద్ధతి లేదు" అన్నారు. ఎవరైనా ఫైలుగానే తెచ్చుకున్నవాళ్ళున్నారా?

మడత కాగితం:
పద్ధతి లేకపోవడమేంటండీ, చట్టంలోనే ఉంది. 2005 చట్టం సెక్షన్ 2(జె)లో ఫ్లాపీలు, టేపులు, వీడియో క్యాసెట్లు, "మరే ఇతర ఎలక్ట్రానిక్ పద్ధతి" అని రాసుంది. సెక్షన్ 7(9) ప్రకారం మీరు అడిగిన రూపంలోనే ఇవ్వాలి. దానికి ఆఫీసు సిబ్బంది, వనరులు మితిమీరి ఖర్చవుతాయన్నా, రికార్డు పాడవుతుందన్నా కాదనొచ్చు. ఉన్న ఫైలు కాపీ చెయ్యడానికి అవేవీ కావు. ప్రింటు తీసి స్కాన్ చెయ్యడమే ఎక్కువ పని!

దరఖాస్తులో "సమాచారం ఇవ్వగలరు" అని వదిలెయ్యకండి. "మీ కంప్యూటర్లో ఉన్న ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలును సీడీలో గానీ, ఈమెయిల్లో గానీ" అని రాయండి (సీఎస్‌వీ అంటే గళ్ళ మధ్య కామాలు పెట్టి రాసే మామూలు టెక్స్ట్ పట్టిక). కాదంటే పై అధికారికి వేసే మొదటి అప్పీల్లో అదే వాక్యం పనికొస్తుంది.

రిటైర్డ్ గుమస్తా:
ఆఫీసులో పనిచేసినవాణ్ణి, అటువైపు మాట కూడా చెప్తాను. ఫైలు ఇవ్వనిది బద్ధకంతోనే కాదు. ఎక్సెల్ బయటికెళ్తే ఎవరో ఒక అంకె మార్చి పేపర్లో వేయిస్తారు, సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మేము. సంతకం ఉన్న కాగితమైతే ఆ గొడవ ఉండదు. అందుకని రెండూ అడగండి: ధ్రువీకరించిన ప్రింటు, దాంతోపాటు ఫైలు. తేడా వస్తే ప్రింటే ప్రమాణమని మీరే రాసివ్వండి. నేనున్న రోజుల్లో అలా అడిగినవాళ్ళకు ఇచ్చాం. ఆంధ్రలో మండల స్థాయి దరఖాస్తుకు 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. భయపడేంత ఖర్చేం కాదు.

పాత డీటీపీ:
స్కాన్ అయితే కనీసం బొమ్మ అని తెలుస్తుంది. అసలు నరకం అనూ అనే పాత తెలుగు ఫాంట్లతో చేసిన ఫైళ్ళు. తెరమీద చక్కగా తెలుగే కనబడుతుంది, కాపీ చేసి వేరేచోట వేస్తే టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలొస్తాయి. ఎందుకంటే ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్ళలోనే తెలుగు ముక్కలు కూర్చుకున్నాయి. తలకట్టు ఒక గడి, కొమ్ము ఇంకో గడి. వెతుకులాటకు "చెరువు" అని కొడితే ఆ ఫైల్లో ఆ మాటే ఉండదు మరి.

ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే వచ్చింది. అయినా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అనూ జోడీ డీటీపీ సెంటర్లను ఏళ్ళతరబడి వదల్లేదు. నేనూ దానిమీదే బతికాను, తిట్టడానికి నోరు రాదు. కానీ కరపత్రం వేరు, ప్రభుత్వ రికార్డు వేరు.

పాత పేజ్‌మేకర్ ఫైలు దొరికితే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ 4.4 వెర్షన్ నుంచీ తెరుస్తుంది. లోపలి అక్షరాలు మాత్రం అనూ గానే ఉంటాయి, కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి మార్చుకోవాలి. ఒత్తులు, అంకెలు ఒకసారి కళ్ళతో చూసుకోండి.

చార్మినార్ చాయ్:
అన్నా, స్కాన్ కాపీలకు బొమ్మల ఉన్న అక్షరాలను టెక్స్ట్ చేసే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్ వాడు, పైసా ఖర్చు లేదు, తెలుగు కూడా చదువుతది. టైపు పేజీలకు మంచిగనే వస్తది, స్టాంపు పడ్డకాడ చేతులెత్తేస్తది. స్కాన్ కాకుండా నేరుగా తీసిన పీడీఎఫ్ అయితే టాబ్యులా చాలు, పట్టికను గీసి చూపిస్తే సీఎస్‌వీ చేసిస్తది.

సర్వే నంబరు:
సీఎస్‌వీ అయ్యాక నేరుగా ఎక్సెల్‌లో తెరవకండి బాబూ! సర్వే నంబరు 12/3 కాస్తా 12 మార్చి అయిపోతుంది. 145/2కి ఏమీ కాదు, చిన్న నంబర్లే తేదీలైపోతాయి, అందుకే ఓ పట్టాన కనబడదు. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని ముందే చెప్పాలి. ఒక ఆఫీసు ఇచ్చిన భూముల జాబితాలోనే సగం సర్వే నంబర్లు తేదీలుగా ఉండటం చూశాను. దానిమీదా సంతకం, స్టాంపు ఉన్నాయి.

లండన్ బావ:
ఇక్కడివాళ్ళేం తక్కువ తినలేదు. 2020 సెప్టెంబరు చివర్లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ లెక్కల్లో 15,841 కరోనా కేసులు జారిపోయాయి. ల్యాబుల నుంచి వచ్చిన సీఎస్‌వీలను పాతరకం ఎక్సెల్ (ఎక్స్‌ఎల్‌ఎస్) ఫైళ్ళలోకి ఎక్కించారు. ఆ ఫార్మాట్‌లో 65,536 వరసలే పడతాయి, మిగిలినవి చెప్పాపెట్టకుండా రాలిపోయాయి. ఆ రోగులతో కలిసి తిరిగినవాళ్ళను వెతకడం కొన్ని రోజులు ఆలస్యమైంది.

మడత కాగితం:
మనకు కాగితం మీద విధానాలకు కొదవలేదు. ఈ-పాలనలో బహిరంగ ప్రమాణాలు వాడాలని కేంద్రం 2010లోనే చెప్పింది. డేటా పంచుకునే విధానం 2012లో వచ్చింది, డేటా.గవ్.ఇన్ ఆ ఏడాదే మొదలైంది. తెలంగాణ 2016లో సొంత ఓపెన్ డేటా విధానం తెచ్చుకుంది. కానీ పోర్టల్లో పెట్టేది పోర్టల్లో పెడతారు, మండలాఫీసు పద్ధతి మండలాఫీసుదే. ఆంధ్రలో జీవోలే 2021 ఆగస్టులో పాత సైటులో పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యలోవాటిని వెతుక్కోవడం ఎంత తలనొప్పో పత్రికలవాళ్ళనడగండి.

నీలి సిరా:
అన్నీ యంత్రం చదివేలా ఉండాలంటే నేనొప్పుకోను. ఓటర్ల జాబితానే చూడండి. మధ్యప్రదేశ్ జాబితా వెతకడానికి వీలైన టెక్స్ట్ రూపంలో కావాలని కాంగ్రెస్ నేత కమల్‌నాథ్ వేసిన పిటిషన్‌ను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పేరు, తండ్రి పేరు, వయసు, ఇంటి నంబరు ఒక్క నొక్కుతో ఎవడి చేతికైనా పోతే?

మడత కాగితం:
మనుషుల వివరాల విషయంలో మీ మాటలో పస ఉంది. అక్కడా బొమ్మ పీడీఎఫ్ కాపలా ఏమీ కాదు, డబ్బున్న పార్టీ మనుషుల్ని పెట్టి టైపు చేయించుకుంటుంది. దొంగ ఓట్లు పట్టుకుందామనుకున్న మామూలోడికే చేతకాదు. ఇక చెరువుకు గోప్యత ఎందుకండీ?

నీలి సిరా:
చెరువుకు వద్దులెండి 🙂 ఓటర్ల సంగతిలో మాత్రం నా మాట నాదే.

చార్మినార్ చాయ్:
ఇంకో తిప్పలుంది. ఊరి పేర్లు. ఒక జాబితాల కొత్తపల్లి, ఇంకోదాంట్ల కొత్తపల్లె. జిల్లాలు తెలంగాణల 10 నుంచి 33 అయినయ్, ఆంధ్రల 2022ల 13 నుంచి 26. పాత పట్టిక, కొత్త పట్టిక కలపాలంటే పేరు పట్టుకుంటే కుదరదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఎల్‌జీడీ (లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ) కోడ్ ప్రతి ఊరికీ ఉంటది, ఆ కాలమ్ కూడా అడుగు.

ఆయకట్టు:
అందరికీ థాంక్సండీ. రిటైర్డ్ గుమస్తా గారు చెప్పినట్టు రెండూ కావాలని అప్పీలు రాస్తున్నాను, ఎల్‌జీడీ కోడ్ కూడా చేరుస్తాను. ఒక చెరువు మ్యాపు మాత్రం డీడబ్ల్యూజీ ఫైలుగా ఇచ్చారు. అది తెరిచే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ కొనే స్తోమత లేదు.

సర్వే నంబరు:
కొనక్కర్లేదు. ఓడీఏ ఫైల్ కన్వర్టర్ ఉచితమే, దాంతో వేరే సాఫ్ట్‌వేర్లూ చదివే డీఎక్స్‌ఎఫ్‌గా మార్చి, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. గట్టు గీత ఒక లేయరులో, తూము ఇంకోదాన్లో ఉంటాయి. అక్షాంశ రేఖాంశాలు లేకుండా ఉత్త గీతలే అయితే ఉపగ్రహ చిత్రం మీద అలుగు, తూము పట్టుకుని సర్దుకోవాలి. పెట్టండి, ఈ ఆదివారం చూస్తాను.